మనతో మ్యాచ్ చూసినవాళ్లు పోయాక ఏం చెయ్యాలి: విశాఖ క్రికెట్ అభిమానుల కోసం ఒక మార్గదర్శి

మాది పెద్ద గుంపేం కాదు. ఎంవీపీ కాలనీ, మద్దిలపాలెం, గాజువాక, పూర్ణామార్కెట్ వైపు నుంచి తలో దిక్కునా బయల్దేరి కార్‌షెడ్ జంక్షన్ దగ్గర కలుసుకుంటాం, అక్కణ్ణుంచి పీఎం పాలెం స్టేడియానికి కలిసి వెళ్తాం. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజున కలిసినవాళ్లమే ఎక్కువమంది. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో మ్యాచ్‌లు జరిగే కాలం నుంచీ చూస్తున్న పెద్దవాళ్లు కూడా మాలో ఉన్నారు.

ఇన్నేళ్లలో ఆరుగురు పోయారు. మొదటి ఇద్దరికీ మేం చేసిందల్లా గ్రూపులో ఒక ఫోటో, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, అంతే, మూడో రోజుకి మళ్లీ జట్టులో ఎవరుండాలి అని వాదించుకుంటున్నాం. మూడో మనిషి మా మాస్టారు, లెక్కల టీచరుగా రిటైరైనాయన. ఆయన పోయినప్పుడు సంతాప సభలో తొమ్మిది మంది మాట్లాడాం, తొమ్మిది మందీ "చాలా మంచి మనిషి" అన్నాం. ఆ మాట ఎవరి గురించైనా అనొచ్చు కదా. స్టేడియానికి మడతపెట్టిన కాగితం, పొట్టి పెన్సిల్ తెచ్చుకుని ప్రతి బంతికీ చుక్క పెట్టుకునేవారని, మన బ్యాట్స్‌మన్ 90ల్లో ఉంటే కాగితం మీంచి తల ఎత్తేవారు కాదని ఒక్కరం కూడా చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆ సంగతి గుర్తొచ్చి చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఒక్కోటీ నేర్చుకుంటూ వచ్చాం, అదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీది కబడ్డీ గుంపైనా, ఫుట్‌బాల్ గుంపైనా చాలావరకు పనికొస్తుంది.

మొదటి పని: కబురు చెప్పడం

తెలిసిన వెంటనే గ్రూపులో పెట్టకండి, స్టేటస్ అసలే వద్దు. ముందు ఇంట్లోవాళ్లలో ఒకరితో, లేదా ఇంట్లో పనులు చూస్తున్న దగ్గరి బంధువుతో మాట్లాడండి. "అందరికీ తెలిసిందా అండీ, మేం మావాళ్లకి చెప్పొచ్చా?" అని అడిగి, సరే అన్నాకే చెప్పండి. మాలో ఒకరు పోయినప్పుడు ఆయన కూతురు బెంగళూరు నుంచి బస్సులో వస్తోంది, "నాన్నకి ఒంట్లో బాలేదమ్మా, రా" అని మాత్రమే ఇంట్లో చెప్పి ఉన్నారు. ఈలోపు మాలో ఒకరు ప్రేమకొద్దీ ఫోటో పెట్టి స్టేటస్ పెట్టేశారు. ఆ పిల్లకి తండ్రి పోయిన సంగతి దారిలో ఫోన్‌లో తెలిసింది. తర్వాత ఆ ఇంటి గుమ్మం ఎక్కడానికి మాకు కాళ్లు రాలేదు.

గ్రూపులో పెట్టేటప్పుడు నాలుగు సంగతులు చాలు: ఎవరు, ఎప్పుడు, అంత్యక్రియలు ఎక్కడ ఎన్ని గంటలకి, ఇంటికి ఫోన్ చెయ్యొచ్చా వద్దా. వయసు మళ్లినవాళ్లకీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకీ మెసేజ్ కాకుండా ఎవరైనా ఫోన్ చేసో, వీలైతే ఇంటికి వెళ్లో చెప్పండి. ఎలా పోయారన్నది ఇంట్లోవాళ్లు చెప్పమంటేనే చెప్పాలి. ప్రాణం తీసుకున్న సందర్భమైతే ఎలా, ఎందుకు అన్న చర్చ గ్రూపులో పూర్తిగా ఆపేయండి, అడ్మిన్ ఆ రోజంతా ఒక కన్ను వేసి ఉంచాలి. ఆ కబురుతో మీలో ఎవరైనా బాగా కుంగిపోతే ఒంటరిగా వదలకండి. మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

రెండో పని: ఇంటికి వెళ్లడం

పరామర్శకి జెర్సీలు వేసుకుని గుంపుగా వెళ్లొద్దు, మామూలు బట్టల్లో ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఇంట్లోవాళ్లే అడిగితే అది వేరే సంగతి. ఒక ఇంట్లో కొడుకే ఫోన్ చేసి "అంకుల్, నాన్నది ఆ నీలం జెర్సీ ఉంది కదా, అది ఆయన మీద కప్పుదామనుకుంటున్నాం, మీరొచ్చి కప్పండి" అన్నాడు. జెర్సీ బాగా వెలిసిపోయింది, వీపు మీద అంకెల్లో ఒకటి సగం రాలిపోయింది, ఇస్త్రీ చేసి మడత పెట్టి ఉంచారు. అలాంటి పని వాళ్లు అప్పగిస్తేనే చెయ్యాలి, మనంతట మనం మొదలుపెట్టకూడదు.

ఓదార్పు మాటల కన్నా ఆ ఇంటికి మనుషుల సాయం ఎక్కువ కావాలి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, దాటితే ఆలస్య రుసుము, అదనపు కాగితాలు, తిరుగుడు. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రివాళ్లే వివరాలు పంపుతారు, ఇంట్లో పోతే ఇంటివాళ్లే తెలియజేయాలి. నగరంలోనైతే విశాఖ నగరపాలక సంస్థ, అంటే జీవీఎంసీ పరిధి. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి, ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకే బ్యాంకులో, ఇన్సూరెన్స్‌లో పని ఆగిపోతుంది. ఆఫీసుల పని తెలిసినవాళ్లు మీలో ఒకరైనా ఉంటారు, వాళ్లని ఈ పనికి కేటాయించండి.

పద్ధతులు ఇంటింటికీ మారతాయి. ఒక ఇంట్లో పెద్దకర్మ పదకొండో రోజు, ఇంకో ఇంట్లో పదమూడో రోజు, ముస్లిం ఇంట్లో నలభయ్యో రోజు, క్రైస్తవ కుటుంబమైతే జ్ఞాపకార్థ కూటం. ఫోటోకి దండ వెయ్యాలా, దీపం పెట్టాలా అన్నది కూడా అడిగి తెలుసుకోవాల్సిందే. మా గుంపులో ఒక భాయ్ పోయినప్పుడు ఆయన ఫోటో కట్టించి దండ కూడా తెచ్చాం. వాళ్ల అబ్బాయి ఎంతో మర్యాదగా, "మా ఇంట్లో ఫోటోకి దండ వెయ్యరు అన్నా, మీ చేతుల్తో కాస్త అన్నం పెట్టించండి చాలు" అన్నాడు. ఆ రోజు బిర్యానీ వండించి పంచాం.

మూడో పని: ఫోన్, గొంతు, ఫోటోలు

దీన్ని చాలామంది పట్టించుకోరు, తర్వాత ఏడుస్తారు. మనిషి పోయాక ఆ సిమ్ రీఛార్జ్ ఎవరూ చెయ్యరు. కొన్నాళ్లకి నంబరు ఆగిపోతుంది, ఆగాక కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరు, ఆపైన ఆ నంబరు ఇంకెవరికైనా వెళ్లొచ్చు. వాట్సాప్ కూడా 120 రోజులు వాడకపోతే ఖాతాని మామూలుగా తీసేస్తుంది. అప్పుడు మన గ్రూపులో ఆ మనిషి పేరు పక్కన ‘లెఫ్ట్’ అని వస్తుంది. మాస్టారు పోయిన నాలుగు నెలలకి, ఒక మధ్యాహ్నం ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు అందరి ఫోన్లలో కనబడింది. ఎవరం నోరెత్తలేదు, సాయంత్రం దాకా గ్రూపులో ఒక్క మెసేజ్ రాలేదు. ముందే తెలిసి ఉంటే అందరికీ చెప్పి ఉంచేవాళ్లం, మీరు చెప్పి ఉంచండి.

అందుకని పెద్దకర్మ అయిపోయాక, అంతకన్నా ముందు కాదు, ఇంట్లోవాళ్లలో పిల్లలెవరైనా ఉంటే పక్కన కూర్చుని ఈ పనులు చూడండి. ఆ నంబరు కనీసం ఏడాదిపాటు బతికి ఉండేలా రీఛార్జ్ చేయించండి, బ్యాంకు ఓటీపీలకీ అది అవసరమే. ఫోటోలు గూగుల్ ఖాతాలో ఉంటే కాపీ దించుకోవాలి, రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాని గూగుల్ తొలగించే అవకాశం ఉంది. ఫేస్‌బుక్ ఖాతాని స్మారక ఖాతాగా మార్చమని అడగొచ్చు, అప్పుడు పేరు పక్కన ‘రిమెంబరింగ్’ అని వస్తుంది, ఇంకెవరూ అందులోకి లాగిన్ అవ్వలేరు. మార్చాలా వద్దా అన్నది కుటుంబం నిర్ణయం. పాస్‌వర్డులు మనం అడగకూడదు, ఫోన్ మన చేతిలోకి తీసుకోకూడదు, అందులో మనం చూడకూడనివి ఎన్నో ఉంటాయి.

మన ఫోన్లలో ఉన్నది మాత్రం మన బాధ్యత. గ్రూపు చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఫోటోలతో కలిపి అయితే పదివేల మెసేజ్‌ల దాకానే వస్తుంది, అవి లేకుండా నలభైవేల దాకా. అంతకన్నా పాతవి ఉంటే ఒక్కో ఫోటో, ఒక్కో వాయిస్ విడిగా దాచుకోవాల్సిందే. వాయిస్ మెసేజ్‌లనైతే అన్నిటికన్నా ముందు దాచండి. 2018 అక్టోబర్ 24న వెస్టిండీస్‌తో మ్యాచ్ టై అయింది గుర్తుందా, కోహ్లీ వన్డేల్లో పదివేల పరుగులు దాటి 157 నాటౌట్, చివరి బంతికి ఐదు కావాల్సి ఉంటే వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ హోప్ ఫోర్ కొట్టాడు, ఇద్దరికీ 321. ఆ రాత్రి మాస్టారు గేటు బయట నిలబడి, టికెట్ దొరకని ఒకడికి వాయిస్ పెట్టారు. నలభై సెకన్లు కూడా ఉండదు. వెనకాల బైకుల హారన్లు, ఎవరో ఈల వేస్తున్నారు, మధ్యలో ఆయన గొంతు: "ఒరే, మూడొందల ఇరవయ్యొకటి, ఇద్దరికీ మూడొందల ఇరవయ్యొకటేరా, నా లెక్క మూడుసార్లు చూసుకున్నాను, తేడా లేదు." అది ఒక్కడి ఫోన్‌లోనే ఉంది. వాడు ఫోన్ మార్చబోతూ పాతవి చెరిపేస్తుంటే కంటపడింది. ఇప్పుడు అది పదిహేను ఫోన్లలో, రెండు పెన్‌డ్రైవుల్లో, ఆయన మనవరాలి లాప్‌టాప్‌లో ఉంది.

నాలుగో పని: జ్ఞాపకాలు పోగుచేయడం

"మాస్టారి గురించి నాలుగు మాటలు రాయండి" అని అడిగితే "మంచి మనిషి" అనే వస్తుంది. ప్రశ్న మార్చి అడగండి. మ్యాచ్‌కి ఏం తెచ్చుకునేవారు? ఎవరు ఔటైతే తిట్టేవారు? ఓడిపోయిన రోజు తిరుగుదారిలో ఏం మాట్లాడేవారు, అసలు మాట్లాడేవారా? ఎవరికి అప్పు ఇచ్చారు, ఎవరితో గొడవపడ్డారు, ఆ గొడవ ఎలా తీరింది? బీచ్‌లో ముంత మసాలా బండి దగ్గర ఆయన ఏది వద్దనేవారు? ఇలా అడిగితే మనిషి బయటికి వస్తాడు. రాయడం రానివాళ్లు ఉంటారు, వాళ్లు చెబుతుంటే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని మీరు రాసిపెట్టండి, వాళ్ల యాసని సరిదిద్దొద్దు. "ఏటి మాస్టారూ, ఇంకెన్ని కావాల" అని మేం అడిగినట్టు అలాగే ఉండాలి.

జ్ఞాపకాన్ని స్కోర్‌కార్డుతో సరిచూడడం కూడా ముఖ్యం, ఎందుకంటే దుఃఖంలో ఉన్నప్పుడు మ్యాచ్‌లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఒక పెద్దాయన "సిద్ధూ సెంచరీ పీఎం పాలెంలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం" అని గట్టిగా చెప్పారు. అది 1994లో, వెస్టిండీస్ మీద, ఇందిరా ప్రియదర్శినిలో. పీఎం పాలెంలో అప్పటికి స్టేడియమే లేదు. 1996 ప్రపంచ కప్‌లో కెన్యా మీద ఆస్ట్రేలియా ఆటగాడు మార్క్ వా 130 కొట్టిందీ ఆ పాత స్టేడియంలోనే. పెద్దాయనని అందరి ముందూ తప్పుపట్టకుండా పక్కకి పిలిచి చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, "అవును, అప్పుడు ఇద్దరం నడిచి ఇంటికెళ్లాం, నా చెప్పు తెగిపోయింది" అని అసలు జ్ఞాపకం బయటికి తీశారు. సరిచూడకపోయి ఉంటే ఆ తెగిన చెప్పు సంగతి మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

జరిగిన మ్యాచ్‌లే కాదు, జరగని మ్యాచ్ కూడా రాసుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది, 14న మనకి వెస్టిండీస్‌తో వన్డే ఉంది, అది రద్దయింది. మాలో ఆటో నడిపే ఒక అన్నయ్య అప్పటికే టికెట్ కొనుక్కుని ఉన్నాడు. ఆ వారమంతా అదే ఆటోలో మంచినీళ్ల క్యాన్లు వేసుకుని, విరిగిపడిన చెట్ల మధ్య దారి చూసుకుంటూ తిరిగాడు. ఆ టికెట్‌ని ఆటో అద్దం పక్కన ఏళ్లతరబడి అతికించి ఉంచాడు. ఆయన గురించి మా పుస్తకంలో మొదటి పేజీ ఆ టికెట్ ఫోటోయే.

ఎక్కువ మాట్లాడనివాళ్లని మర్చిపోవడం తేలిక, అది జరగనివ్వకండి. ప్రతి గుంపులోనూ వెనక వరుసలో కూర్చుని అందరి సంచులూ చూసుకునే మనిషి ఒకరుంటారు. అలాంటివాళ్ల గురించి ఇంకాస్త గట్టిగా, ఇంకో నలుగురిని అడిగి రాబట్టాలి. గొడవపడి గ్రూపులోంచి వెళ్లిపోయినవాళ్లు పోయినా సరే, వాళ్ల పేరు జాబితాలో ఉండాలి. దీని మీద మాలో పెద్ద వాదనే జరిగింది, నా మాట మాత్రం ఇదే.

ఐదో పని: సంతాప సభ

సభ గంట దాటకూడదు. పెద్దకర్మ అయ్యాక వచ్చే ఆదివారం, పొద్దున్నే ఏడున్నరకి, లేదా సాయంత్రం ఎండ తగ్గాక పెట్టుకోండి. మన ఉక్కపోతలో మధ్యాహ్నం పెడితే పెద్దవాళ్లు రాలేరు. మ్యాచ్ ఉన్న రోజు పెట్టొద్దు, అందరి చూపూ ఫోన్ మీదే ఉంటుంది. హాలు దొరక్కపోతే ఎవరి అపార్ట్‌మెంట్ సెల్లార్ అయినా చాలు. బీచ్‌లో చేద్దామనుకుంటే ఇసుకలోనే కూర్చోండి, పూలు వదలడానికని నీళ్లలోకి దిగొద్దు, ఆర్కే బీచ్‌లో అలలు మనిషిని లోపలికి లాగేస్తాయి.

ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు, ఒకటే సంఘటన. పోయిన మనిషి ఇంట్లోవాళ్లని మాట్లాడమని బలవంతపెట్టొద్దు, వాళ్లు వినడానికి వస్తారు. తమ ఇంటి మనిషి స్టేడియంలో ఎలా ఉండేవాడో చాలామంది భార్యాపిల్లలకి తెలియదు, మన దగ్గర వాళ్లకి ఇవ్వగలిగింది అదే. మాస్టారి భార్య, మేం పిన్నిగారు అంటాం, ఆ వాయిస్ విన్నాక ఇంకోసారి పెట్టమన్నారు. మూడోసారి విన్నాక, "ఇంట్లో ఎప్పుడూ ఇంత గట్టిగా మాట్లాడలేదు" అన్నారు.

మౌనం పాటించేటప్పుడు ఒకరు వాచీ చూడాలి. వాచీ చూసేవాళ్లు లేకపోతే ఇరవై సెకన్లకే ఎవరో ఒకరు దగ్గి కూర్చుంటారు. పూర్తి నిమిషం ఉండనివ్వండి.

ఆరో పని: స్టేడియంలో

తర్వాత జరిగే మొదటి మ్యాచ్‌కి చేతికి నల్ల రిబ్బన్ కట్టుకోండి. పిన్నీసుతో గుచ్చుకుంటే గేటు దగ్గర తీసేయమంటారు, రెండు అంగుళాల నల్ల గుడ్డకి ఎలాస్టిక్ కుట్టించుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. బ్యానర్ తెల్ల గుడ్డ మీద పెయింట్‌తో రాయించండి, కర్రలు ఉండకూడదు, మడిచి సంచీలో పట్టేంత ఉండాలి, పార్టీ గుర్తులు, షాపుల పేర్లు ఏవీ వద్దు. పోలీసులు విప్పి చదువుతారు, చదివితే అర్థమయ్యేలా పేరు, సంవత్సరాలు, ఒక్క వాక్యం ఉంటే చాలు. మాస్టారి బ్యానర్ మీద "మూడుసార్లు చూసుకున్నాం మాస్టారూ, తేడా లేదు" అని రాశాం. గేటు దగ్గర కానిస్టేబుల్ గారు చదివి, ఎవరని అడిగి, మడతపెట్టి మా చేతికే ఇచ్చారు.

సీటు ఖాళీగా వదిలేయాలని కొందరంటారు. నాకది నచ్చదు. ఆ టికెట్‌తో ఆయన ఇంట్లో పిల్లల్ని తీసుకెళ్లండి, లేదా ఎప్పుడూ స్టేడియం లోపల అడుగుపెట్టని కుర్రాడిని ఒకణ్ణి తీసుకెళ్లండి. 2025లో మహిళల ప్రపంచ కప్ మ్యాచ్‌లప్పుడు మన స్టేడియంలో ఒక స్టాండ్‌కి క్రికెటర్ మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకి ఇంకో క్రికెటర్ రావి కల్పన పేరు పెట్టారు. ఆడినవాళ్లకి ఆ గౌరవం దక్కాల్సిందే. చూసినవాళ్ల పేరు మాత్రం మనం తప్ప ఇంకెవరూ తలుచుకోరు.

ఏడో పని: పేరు మీద ఏదైనా చేయాలనుకుంటే

ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్‌లో ఆదివారం పొద్దున్న ఎన్ని టెన్నిస్ బాల్ మ్యాచ్‌లు నడుస్తాయో మీకు తెలుసు. పేరు మీద ఒక మ్యాచ్ పెట్టడం సులువు, గ్రౌండ్ అనుమతి ముందే తీసుకుని, కుటుంబాన్ని అడిగి పెట్టండి. కప్పు మీద డబ్బు తగలేయకుండా రెండు బ్యాట్లు, ఒక కీపింగ్ గ్లవ్స్ జత కొని ఏదైనా బడి పిల్లలకి ఇవ్వండి.

రక్తదానం పెడితే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) లాంటి చోట ఉన్న రక్తనిధితో ముందే మాట్లాడుకోవాలి. దాతకి 18 నుంచి 65 ఏళ్లు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. పరగడుపున రావొద్దని చెప్పండి, మాకు ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు.

కుటుంబానికి డబ్బు సాయం చేస్తే అది నేరుగా వాళ్ల ఖాతాకే వెళ్లాలి, మధ్యలో ఎవరి ఫోన్‌పే వద్దు. ఎవరెంత ఇచ్చారన్నది గ్రూపులో పెట్టొద్దు, మొత్తం ఎంత చేరిందో ఒక్క మాట చాలు.

ఎనిమిదో పని: ఏడాది తర్వాత, ఆ తర్వాత కూడా

మొదటి వారం అందరూ ఉంటారు. సంవత్సరీకానికి ఆ ఇంటికి ఫోన్ చేసేవాళ్లు తక్కువ. ఇంట్లో తిథి ప్రకారం చేస్తారు, తేదీ వేరే రోజు వస్తుంది, రెండూ రాసిపెట్టుకుని రెండు రోజులూ పలకరించండి. ఈ బాధ్యత ఒకరి మీదే పెట్టకండి, వాళ్లూ మనుషులే. ఫోన్‌లో రిమైండర్ ఇద్దరి దగ్గర ఉండాలి.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఒక్కో మనిషికి పది పేజీలు వదిలేయండి, కొత్త సంగతి ఎవరికి గుర్తొచ్చినా అందులో చేర్చొచ్చు. మా పుస్తకం మాస్టారి మనవరాలి దగ్గర ఉంటుంది, ఇంజినీరింగ్ చదువుతోంది, స్కోరు రాయడం తాతగారి దగ్గరే నేర్చుకుంది. మ్యాచ్ ఉన్న రోజు కార్‌షెడ్ జంక్షన్ దగ్గర టీ తాగడం అయ్యాక ఆ అమ్మాయి పుస్తకం తెరిచి ఆరు పేర్లూ చదువుతుంది, ఒక్కో పేరుకీ ఒకరు ఒక్క సంగతి చెబుతారు, పోయినసారి చెప్పింది మళ్లీ చెప్పకూడదని మాలో ఒక నియమం. ఆటో అన్నయ్య పేరు వచ్చినప్పుడు ఎవరో ఒకరు డబ్బులు కట్టి ఇంకో టీ చెబుతారు, ఆయన ఎప్పుడూ రెండు తాగేవాడు. ఆ టీ ఎవరి చేతికి అందితే వాళ్లు తాగేస్తారు, అమ్మాయి పుస్తకం సంచీలో పెట్టుకుంటుంది, టాస్‌కి టైమైపోతోందని అందరం గేటు వైపు నడుస్తాం.